ఒరిగిన తలకట్లు

సింగపూర్ క్లెమెంటిలో నేను అద్దెకు దిగిన గదిలో మంచం కిందికి సూట్‌కేసు తోయబోతే ఏదో గట్టిగా అడ్డుపడింది. వంగి చూశాను. పాత దుప్పటిలో చుట్టిన పెట్టె. గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడ, "అది కదపకు అమ్మాయ్. సూట్‌కేస్ హాల్లో పెట్టుకో, టక్ అపా," అంది. ఫర్వాలేదు అనడానికి ఆ ఇంట్లో వాడే మలయ్ మాట అదని తర్వాత తెలిసింది.

అవి రెండువేల సంవత్సరం ముంచుకొస్తోందని ఆఫీసులన్నీ కంగారు పడుతున్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి, వాటిని నాలుగంకెలు చేయాలి. ఆ పని కోసం మా బ్యాచ్‌లో సగం మంది సింగపూర్ వచ్చాం. నేను ఒక బ్యాంకులో కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదివేదాన్ని. ఈ చెత్తంతా ఎప్పుడు తీసి పారేస్తారా అని మా మేనేజరు రోజూ అనేవాడు. నేనూ తల ఊపేదాన్ని.

ఇంటావిడని ఆంటీ అని పిలిచేదాన్ని. ఆవిడ పుట్టింది మలేషియాలో, ఒక తోటలో. వాళ్ళ తాతలు కోస్తా నుంచి అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళు. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి ఒక కంపెనీలో టైపిస్టుగా చేరి, అక్కడే రిటైరైంది. భర్త లేడు. కూతురు ఆస్ట్రేలియాలో నర్సు. నాతో తెలుగులో మాట్లాడేది కానీ అందులో సగం తమిళం, పావు మలయ్. "మకాన్ అయిందా?" అని అడిగితే భోజనం చేశావా అని. తెలుగు చదవడం మాత్రం రాదు.

ఒక ఆదివారం పొద్దున గది తుడుస్తుంటే దుప్పటి జారింది. లోపల గోధుమరంగు డబ్బా, పై వరసలో ఎర్రటి మీటలు. నేను చీపురు పక్కన పెట్టి నేలమీద కూర్చుండిపోయాను. మా తుని హైస్కూల్లో సరిగ్గా ఇలాంటివే రెండు బ్రిటిష్ కంప్యూటర్లు ఉండేవి, ప్రభుత్వం ఇచ్చినవి. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. వారానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు. నేను జీవితంలో మొదటిసారి ప్రోగ్రాం రాసింది దాని మీదే.

"ఆంటీ, ఇది మీకెక్కడిది?"

"నాదే. జీతంలో దాచుకుని కొన్నా. మా నాన్నా నేనూ దీంట్లో ఆట రాశాం," అంది ఆవిడ, నిన్న కూర వండాం అన్నంత మామూలుగా.

తర్వాత కథంతా చెప్పింది. వాళ్ళ నాన్న తోటలో గుమాస్తా. తెలుగు బాగా చదువుకున్నవాడు. ఆయన సింగపూర్ వచ్చి కూతురి దగ్గరున్న ఏడాది, గళ్ళ పుస్తకంలో పదహారు గడులు అటూ పదహారు గడులు ఇటూ గీసి, ఒక్కొక్క అక్షరం నింపుతుంటే ఆవిడ ఆ గడులను అంకెలుగా మార్చి కంప్యూటర్లోకి ఎక్కించింది. తెర మీద అక్షరం పై నుంచి జారుతుంది. దాని శబ్దానికి సరిపడే ఇంగ్లీషు మీట నొక్కాలి. ఆట పూర్తయిన నెలకే ఆయన పోయాడు. ఆవిడ ఆట దాచిన క్యాసెట్ అల్మరాలో పడేసి, కంప్యూటర్‌ని దుప్పటిలో చుట్టి మళ్ళీ తీయలేదు.

"ఇప్పుడు పెట్టి చూద్దామా?" అన్నాను.

ఆవిడ టీవీ వెనక దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

పెట్టెను టీవీకి తగిలించి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే రెండు స్వరాల కూత వినిపించింది, ఒకటి లావు, ఒకటి సన్నం. తుని హైస్కూల్లో విన్నదే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. అయిదు నిమిషాలకి ఠప్‌మని చప్పుడు, పెట్టె వెనక నుంచి తెల్లటి పొగ, కుళ్ళిన చేపలు కాల్చినట్టు వాసన. నేను వైరు పీకేశాను. ఆవిడ కిటికీలన్నీ తీసింది. ఎదురింటి చైనీస్ ఆంటీ తలుపు దగ్గరికొచ్చి ముక్కు మూసుకుని, ఈరోజు ఏం వండుతున్నారని ఇంగ్లీషులో అడిగింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పదిహేనేళ్ళు భద్రంగా ఉన్నదాన్ని అయిదు నిమిషాల్లో కాల్చేశాను. ఆంటీ మాత్రం, "పాతది కదా, దానికీ కోపం వస్తుంది," అని అన్నం వడ్డించింది.

ఆ వారమంతా ఆఫీసులో విరామం దొరికినప్పుడల్లా ఇంటర్నెట్‌లో వెతికాను. పాత బ్రిటిష్ కంప్యూటర్లను బాగుచేసుకునేవాళ్ళు ఈమెయిల్లో ఉత్తరాలు రాసుకునే ఒక జాబితా దొరికింది. మా గోడు రాస్తే, గంటలో సింగపూర్‌లోనే ఉన్న జురాంగ్ ఈస్ట్ నుంచి జవాబొచ్చింది. రాసినాయన పేరు చూస్తే తెలుగాయనే. "పొగ వచ్చిందంటే కంగారు పడకండి. అది అందరికీ వస్తుంది. శనివారం తీసుకురండి."

శనివారం మధ్యాహ్నం ఆ పెట్టెను మళ్ళీ దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ట్రైన్‌లో వెళ్ళాం. జవాబు రాసిన ఆ అంకుల్ ఓడలు కట్టే యార్డులో ఎలక్ట్రీషియన్. మూడు తరాలుగా సింగపూరే. ఆయన హాల్లో సోఫా ఉండాల్సిన చోట పొడుగాటి బల్ల, దాని మీద రకరకాల పాత కంప్యూటర్లు, రబ్బరు మీటలవి, నల్లవి, తెల్లవి. ఒక రిటైరైన లెక్కల మాస్టారు, చైనీస్ ఆయన, కీబోర్డు మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో కడుగుతున్నాడు. అంకుల్ భార్య మాకు కుర్చీలు చూపించి, "అక్కడ కూర్చోకండి, ఆ కుర్చీ కింద ప్రింటర్ ఉంది," అంది.

అంకుల్ పెట్టె విప్పి, కెపాసిటర్ అనే చిన్న భాగం కాలిపోయి ఉంటే చూపించాడు. "ఇదొక్కటే పోయింది. మిగతాదంతా బానే ఉంది లా," అని సింగపూర్ వాళ్ళు మాట చివర పెట్టే 'లా' తగిలించి, మాకు కాఫీ వచ్చేలోపు కొత్తది అతికేశాడు. మళ్ళీ ఆ కూత వినిపించాక ఆంటీ క్యాసెట్ తీసి ఇచ్చింది.

క్యాసెట్ తిరుగుతుంటే గది అంతా కీచుమనే శబ్దం. తెర మీద ముక్కల లెక్క ఒక్కొక్కటే పెరుగుతోంది. కంప్యూటర్ మధ్యలో ఆగి, టేపు వెనక్కి తిప్పమని తెర మీద అడిగింది. అంకుల్ చిన్న స్క్రూడ్రైవర్‌తో టేప్ రికార్డర్‌లో టేపు చదివే తలను వెంట్రుకవాసి తిప్పుతూ, శబ్దం పదునెక్కేదాకా చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ కదిలింది. చివరికొచ్చేసరికి కీచు శబ్దం ఆగిపోయి, ఒక మలయ్ పాట మొదలైంది.

అందరం ఆంటీ వైపు చూశాం.

"అది నేనే," అంది ఆవిడ. "రేడియోలో మంచి పాట వస్తుంటే ఖాళీ క్యాసెట్ అనుకున్నా."

మాస్టారు పగలబడి నవ్వాడు. పాట ఆయనకీ తెలిసిందే, పూర్తయ్యేదాకా ఆపనివ్వలేదు.

టేపులో మిగిలిన శబ్దాన్ని అంకుల్ తన పీసీలోకి ఎక్కించి, దొరికిన ముక్కలన్నీ ఏరి కలిపాడు. ఆట లేచింది. అ నుంచి మ దాకా ఉన్నాయి. య నుంచి క్ష దాకా పాట కింద పోయాయి. తెర మీద మొదటి అక్షరం జారింది. ఆంటీ తప్పు మీట నొక్కింది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో "మళ్ళీ చూడు" అని వచ్చింది. మూడుసార్లు తప్పితే, "కాఫీ తాగి రా" అని వచ్చింది. ఆ మాట చూసి ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "మా నాన్న అట్లే చెప్తాడు," అంది.

మిగిలిన అక్షరాలు నేను చేస్తానని, అంకుల్ ఆట ఎక్కించి ఇచ్చిన డిస్కు ఇంటికి తెచ్చుకున్నాను. చూస్తే, వాళ్ళ నాన్న పెట్టిన తలకట్లన్నీ కుడివైపుకు ఒరిగి, గడి అంచు దాటి పోతున్నాయి. నాకు ఆఫీసు అలవాటు ఊరుకోనివ్వలేదు. ఒక సెలవురోజంతా కూర్చుని ప్రతి తలకట్టూ నిటారుగా చేశాను. కొత్త అక్షరాలూ అదే కొలతలో వేసి, ఆంటీని పిలిచాను.

ఆవిడ రెండు అక్షరాలు చూసి ఆగింది. "ఇది మా నాన్న రాత కాదు."

"సరిచేశాను ఆంటీ. వంకరగా ఉంటే."

"ఆయన చేతి రాతే అంత. సరిచేయమని ఎవరు అడిగారు అమ్మాయ్?"

గొంతు పెంచలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. అసలు డిస్కు మీదే మార్చేశానని అప్పుడు గుర్తొచ్చింది. అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "నీకిచ్చింది మూడో కాపీ అమ్మా. ఫస్ట్ కాపీ తీయకుండా ఇక్కడ ఎవరం దేన్నీ ముట్టుకోం," అన్నాడు. సోమవారం ఆఫీసులో కోడ్ తెరిచినప్పుడు, దీన్ని రాసినవాళ్ళెవరో అని మొదటిసారి అనిపించింది.

కొత్త కాపీ తెచ్చి ఆంటీ ముందు పెట్టి, "య నుంచి మీరే వేయండి," అన్నాను. ఆవిడ గళ్ళ పుస్తకం కొనుక్కొచ్చింది. వంటింటి బల్ల మీద నేను ఒక్కో అక్షరం రాసి చూపిస్తే, ఆవిడ గడులు నింపేది, తలకట్టు దగ్గరికొచ్చేసరికి నా కాగితం పక్కకు నెట్టి, కుడివైపుకు ఒరగదీసి పెట్టేది. రోజుకు రెండు అక్షరాలు. ఎక్కించడం ఆవిడే, టైపిస్టు వేళ్ళతో నాకన్నా వేగంగా.

అట్లా ఆట ఆడుతూ, నా దగ్గర గుణింతాలు నేర్చుకుంటూ ఒకరోజు, మా అమ్మ పంపిన పచ్చడి సీసా మీద చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "గో... సున్నా... గూ... ర," అంది. తర్వాత గబగబా, "గోంగూరా?" అని నన్నే అడిగింది.

మరుసటి శనివారం ఆ ఆటను జురాంగ్ ఈస్ట్‌లో అందరికీ చూపించింది. మాస్టారు ఒక్క తెలుగు అక్షరం రాకపోయినా వరసగా పదకొండు సరిగ్గా నొక్కాడు. ఎలాగని అడిగితే, ఆకారం గుర్తుపెట్టుకున్నానన్నాడు. అంకుల్ ఆ ఆటను జాబితాలో అందరికీ పంపాడు. ఇంగ్లండ్ నుంచి ఒకాయన, అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి, గాలికి వంగినట్టున్నాయి అని రాశాడు. ఆ ఉత్తరాన్ని ఆవిడ అచ్చు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది.

పెళ్ళయ్యాక నేను ఆ ఇల్లు వదిలేశాను, ఊరికి ఆ చివర పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాట్ వచ్చాక అటు మారాం. ఆంటీ శనివారాలు మానలేదు. ఇప్పుడు మీటలు కడిగే పని ఆవిడది. మొన్న ఫోన్ చేసి, ఒత్తులు మొదలుపెట్టానని చెప్పింది.

"జ్ఞ పదహారు గడుల్లో పట్టట్లేదు అమ్మాయ్. ఇరవైనాలుగు చెయ్యనా?"

చెయ్యండి అన్నాను.