మా కన్సోల్‌లో లేని బటన్

కెనడాలోని బర్నబీలో నేను పనిచేసే గేమ్ స్టూడియో అప్పట్లో ఒకే ఒక కన్సోల్ కోసం ఆటలు తయారుచేసేది. ఆ కన్సోల్ తయారుచేసే కంపెనీయే మా యజమాని. ఒకప్పుడు టీవీ ముందు కూర్చుని ఆడుకునే ఆట అంటే జనం ఆ కంపెనీ పేరే చెప్పేవాళ్లట. నేను చేరేనాటికి ఆ రోజులు పోయాయి. మాల్‌లో ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్తే ముందు వరుసంతా పోటీ కంపెనీలవే. మాది ఫోన్ కవర్ల పక్కకి జరిగింది. ఆఫీసులో మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. మీటింగుల్లో స్టూడియో హెడ్ అంతా బాగానే ఉందని చెప్పేది. చెప్పేటప్పుడు మా మొహాలు చూసేది కాదు, వెనక గోడని చూసేది.

నాది టెస్టింగ్ ఉద్యోగం. ఆటని రోజంతా ఆడి, తప్పు ఎక్కడుందో పట్టుకుని రిపోర్ట్ చేయాలి. అనుమానించడమే పని. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి, వర్క్ పర్మిట్ మీద ఉద్యోగంలో చేరాను. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసి ఎదురుచూస్తున్న రోజులవి. ఈ ఉద్యోగం పోతే ఆ అప్లికేషన్ ఏమవుతుందోనన్న భయం ఎప్పుడూ వెంట ఉండేది.

ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరే. గుంటూరు వైపు ఆయన. అమెరికాలో చాలాకాలం పనిచేసి ఇటు వచ్చారు. మా కన్సోల్ లోపలి సాఫ్ట్‌వేర్ ఆయనకి కొట్టినపిండి. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవారు. మధ్యాహ్నాలు కలిసి తినేవాళ్లం. ఆయన డబ్బాలో గోంగూర పచ్చడి ఉన్న రోజు అందులో సగం నాదే.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో మా ఫ్లోర్ చివర ఉన్న మీటింగ్ గదికి, అద్దాలు కనిపించకుండా నల్ల కాగితం అంటించారు. మా బ్యాడ్జీలకి ఆ తలుపు తెరుచుకోలేదు. ఆయన కంప్యూటర్ తీసుకుని ఆ గదిలోకి మారిపోయారు. భోజనానికి రావడం మానేశారు. ఒకరోజు కాఫీ మెషిన్ దగ్గర దొరికితే అడిగాను.

"అందులో ఏం చేస్తున్నారన్నా?"

"పాత పనేనమ్మా. కొంచెం ఎక్కువైంది."

కప్పు కడుక్కుంటూ చెప్పారు. నా వైపు చూడలేదు. ఆయన నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

స్టూడియోని అమ్మేస్తున్నారని కొందరు అన్నారు. ఎవర్ని తీసేయాలో లోపల కూర్చుని తేలుస్తున్నారని ఇంకొందరు. నా పేరు వచ్చినప్పుడు ఆయన ఏమని ఉంటారా అని ఆలోచిస్తూ, నడవాలో ఆయన ఎదురైతే నేనే తల తిప్పుకోవడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం కొత్త వెర్షన్ ఆడుతున్నాను. ఆటలో నాయిక తాడు పట్టుకుని కొండ ఎక్కే చోట, ఏ బటన్ నొక్కాలో తెర మీద చిన్న బొమ్మ రావాలి. బొమ్మ రాలేదు. ఖాళీ గడి, దాని కింద ఒక బటన్ పేరు. చేతిలోని కంట్రోలర్ వైపు చూశాను. ఆ పేరుతో బటన్ మా కంట్రోలర్ మీద లేదు. అది పోటీ కంపెనీ కంట్రోలర్ మీద ఉండేది. ఆపి మళ్లీ ఆడాను. మళ్లీ అదే పేరు.

సాయంత్రం స్కైట్రైన్ స్టేషన్‌కి నడుస్తుంటే ఆయన పక్కన చేరి విషయం చెప్పాను. ఆయన నడక ఆగిపోయింది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. మీరు వాళ్ల కంపెనీకి పోతున్నారా అన్నా? లేకపోతే మనల్నే వాళ్లకి అమ్మేస్తున్నారా?"

"నన్ను అడక్కమ్మా. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను."

"నా పీఆర్ ఇంకా రాలేదు. నాకు తెలియాలి గదా."

ఆయన గొడుగు సరిచేసుకున్నారు. "తప్పు కనిపిస్తే రిపోర్ట్ చేయడం నీ పని. నీ పని నువ్వు చెయ్యి" అని, రైలు వస్తోందంటూ ముందుకి వెళ్లిపోయారు. అది సలహానో, నన్ను ఇరికించడమో అర్థం కాలేదు.

మర్నాడు రిపోర్ట్ చేశాను. మధ్యాహ్నానికి అది సిస్టమ్‌లో కనిపించకుండా పోయింది. ఆ వెంటనే స్టూడియో హెడ్ పిలిచింది. ఇంగ్లీషులో మెల్లగా, నవ్వుతూనే అడిగింది, నేను చూసింది ఇంకెవరికి తెలుసని. ఎవరికీ తెలియదన్నాను. ఆయన పేరు చెప్పలేదు. ఆవిడ, బయట ఎవరికీ చెప్పకూడదన్న ఒప్పందం ఒకటి నా ముందు పెట్టి, లోపలి టీమ్‌కి టెస్టర్ కావాలని చెప్పింది. సంతకం పెట్టాను.

నల్ల కాగితం వెనక ఉన్నది పోటీ కంపెనీ కన్సోల్. దాని మీద మా ఆటే నడుస్తోంది. మా కన్సోల్ మీద ఎప్పుడూ తడబడే వాన దృశ్యం అక్కడ ఆగకుండా సాగిపోతోంది. దాన్ని అలా నడిపించింది అన్నే. పక్కనే కూర్చుని, "బాగుంది కదమ్మా" అన్నారు. ఆ గొంతులో సంతోషం లేదు.

ఆ రోజు నుంచి మిగతావాళ్లు నన్ను చూసే చూపు మారింది. నేను దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. నా అనుమానం మాత్రం తీరలేదు. మా సొంత కన్సోల్ కోసం తర్వాతి ఆట ఏమిటని గదిలో ఎవర్నడిగినా, పై ఫ్లోర్‌లో చూస్తున్నారని అనేవాళ్లు. పై ఫ్లోర్‌లో మాకు తెలిసినంతవరకు అకౌంట్స్ వాళ్లే ఉన్నారు.

వసంతంలో ప్రకటన వచ్చింది. ఇకమీదట మా ఆటలు అందరి కన్సోళ్ల మీదా వస్తాయి. అందరికీ మంచి వార్త అంది హెడ్. అదే వారం మా కన్సోల్ సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లని తీసేశారు. అందులో ఆయనా ఉన్నారు.

ఆయన సామాను కారు దాకా మోసుకెళ్లాను.

"మీకు ముందే తెలుసా అన్నా?"

"ఆ గదిలోకి పిలిచిన రోజే అనుమానమొచ్చింది. ఈ పని అయిపోతే నాతో పనుండదని."

"మరి ఎందుకు చేశారు?"

"చెయ్యకపోతే మొత్తం స్టూడియో మూసేస్తామన్నారు. అది నిజమో, నాచేత చేయించుకోవడానికి చెప్పారో ఇప్పటికీ తెలీదమ్మా."

నన్ను రిపోర్ట్ చెయ్యమని ఎందుకన్నారని అడిగాను. నేను గది బయట ఉండి ఉద్యోగం పోగొట్టుకోవడంకన్నా లోపల ఉండటం మేలని అలా చెప్పానన్నారు. నమ్మాలనిపించింది. నమ్మాను కూడా, చాలావరకు.

ఆయన కూతురు టొరంటో దగ్గర ఏజాక్స్‌లో ఉంటే అటు వెళ్లిపోయి, ఒక బ్యాంకులో చేరారు. నా పీఆర్ వచ్చింది. నేను అదే స్టూడియోలో ఉన్నాను. అప్పుడప్పుడు ఆదివారాలు ఆయన ఫోన్ చేస్తారు. పిల్లలు, చలి, వంటలు మాట్లాడుకుంటాం. కన్సోళ్ల ఊసు రాదు. మొన్న మాత్రం ఉన్నట్టుండి అడిగారు.

"మన కన్సోల్ సంగతేంటమ్మా?"

"కొత్తది వస్తోందంటున్నారన్నా."

"ఎవరంటున్నారు?"

హెడ్ మీటింగులో చెప్పింది, ఎప్పటిలా వెనక గోడని చూస్తూ అన్నాను. ఆయన, అక్కడ వానలు తగ్గాయా అని అడిగారు.