లక్ష్మివారం పని చేయని సర్వర్

కొత్తగా నాలుగు కమాండ్లు నేర్చుకున్న కుర్రాడంత ప్రమాదకరమైన ప్రాణి ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ రోజుల్లో నేను ఆ జాతివాణ్ణి. బరంపురంలో ఒక కంప్యూటర్ల ఆఫీసులో ట్రైనీగా చేరి, మొదటి జీతం రాగానే అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు ఒకటి కొన్నాను. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, ఒంటి మీద డబ్బా కూడా లేదు (చూడగానే మా అమ్మ, "మిగతాది రేపొస్తాదేట్రా?" అని అడిగింది). ఇంటికో సర్వర్ ఉండాలని, మన ఫొటోలూ వీడియోలూ మన గడప లోపలే ఉండాలని భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. అందరూ తలలూపుతూ చారు పోసుకున్నారు.

కొన్నాళ్లు అది అలమారా మీద ఎర్రదీపం వెలిగించుకుని ఖాళీగా కూర్చుంది. తర్వాత నాయనమ్మ వల్ల దానికో పని దొరికింది. కూతుర్ని చూసి వస్తానని గోపాల్‌పూర్‌లో మా చిన్నత్త ఇంటికి వెళ్లిన మనిషి, అక్కడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగడానికి వీల్లేదన్నారు. ఇంతలో మార్గశిరం వచ్చేసింది. మార్గశిర లక్ష్మివారాలంటే మా ఇంట్లో మామూలు సంగతి కాదు. ఇల్లంతా కడిగి, గడప నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేసి, ధాన్యం నింపిన మానిక దగ్గర లక్ష్మిని కూర్చోబెడతారు. కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి నాయనమ్మ ఆ పూజకి ఒక్కసారీ దూరం కాలేదు. "కాలు పోతే పోయినాది, పూజ పోయినాదిరా నాయనా" అని ఫోన్లో ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నాకు అన్నం సయించలేదు.

వీడియో కాల్ చేసుకోవచ్చు కదా అంటారేమో. మడి కట్టుకుంటే అమ్మ ఫోను ముట్టదు. నేను పొద్దున్నే ఆఫీసుకి పరుగెత్తాలి, నాన్న అంతకన్నా ముందే దుకాణం తెరవాలి. అందుకని బోర్డుకి చిన్న కెమెరా తగిలించి, పూజగది ఎదురుగా పెట్టి, చిన్నత్త ఇంట్లో టీవీలో దానంతట అది చూపించేలా ఏర్పాటు చేశాను. అక్కడితో నోరు మూసుకుంటే ఎంత బాగుండేది! అమ్మకి విజ్ఞానం పంచాలనిపించింది. "ఇక్కడి అమ్మవారు ఈ తీగలోంచి బయటికెళ్లి, గోపాల్‌పూర్‌లో చిన్నత్త ఇంట్లో ప్రత్యక్షమవుతుందన్నమాట" అన్నాను. అమ్మ తీగ వంకా నా వంకా చూసి, "ఓహో" అంది. ఆ ఓహోకి అర్థం కనుక్కోవాల్సింది నేను.

మొదటి లక్ష్మివారం చిన్నత్త ఫోన్ చేసింది. "ఒరే, టీవీ అంతా నల్లగా ఉన్నాది. అమ్మ ముసుగేసుకుని పడుకున్నాది" అంది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే సర్వర్ చక్కగా పనిచేస్తోంది. పొద్దున్న హఠాత్తుగా ఆగిందని మాత్రం తెలిసింది. కరెంటు చాలడం లేదనుకుని కొత్త అడాప్టర్ కొన్నాను. శుక్రవారం బ్రహ్మాండం, శనివారం బ్రహ్మాండం, బుధవారం దాకా బంగారం. లక్ష్మివారం పొద్దున్న మళ్లీ చీకటి. మెమరీ కార్డు మార్చాను. వేడెక్కుతోందేమోనని చిన్న ఫ్యాను బిగించాను. ఇంటర్నెట్ అతనితో పోట్లాడాను (అతను ఒడియాలో "హెబొ, హెబొ", అయిపోతుంది అయిపోతుంది అంటూనే ఫోన్ పెట్టేశాడు). మా ఆఫీసులో సర్వజ్ఞుడని మేం పేరు పెట్టుకున్న సీనియరు, "వారానికోసారి ఆగుతోందంటే లోపల ఏదో షెడ్యూల్ ఉందోయ్" అన్నాడు. ఉన్న షెడ్యూల్‌ ఎక్కడుందో తెలియక, లేనిచోటల్లా వెతికాను. అటు నాయనమ్మ అన్నం మానేస్తోందని చిన్నత్త కబురు. ఒళ్లు మండిపోయి, ఆఖరి లక్ష్మివారం సెలవు పెట్టి బోర్డు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

అమ్మ అటూ ఇటూ తిరిగింది. "ఆఫీసు లేదేటి నీకు?" అంది. లేదన్నాను. ఇంకోసారి తిరిగింది. చివరికి, "స్నానానికి ఎల్లాల, అడ్డు లెగు" అని, నా భుజం మీదుగా చెయ్యి చాచి టప్పున స్విచ్చి ఆపేసింది.

లేచి నిలబడి నోరు తెరిచాను. ఇక ఆగలేదు. అడాప్టరన్నాను, కార్డన్నాను, ఫ్యానన్నాను, నా ఖర్మన్నాను. అమ్మ మాత్రం నింపాదిగా, "పూజయ్యేదాకే కదా ఆపుతన్నాను. లక్ష్మివారం ఇంట్లోంచి ఏటీ బయటికెల్లకూడదు. మీ నాయనమ్మే సెప్పింది. పెళ్లయి ఎల్లిపోనాదని సిన్నత్తకి ప్రసాదమే పెట్టలేదు ఆవిడ. నువ్వేటో ఏకంగా అమ్మవారినే సిన్నత్త ఇంటికి పంపించేస్తానంటావు" అంది. (అత్తగారి కళ్లెదుట పూజ చేయాల్సి రావడం గురించి అమ్మ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.)

పై కోర్టుకి వెళ్లక తప్పలేదు. నాయనమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, జరిగిందంతా చెప్పి తీర్పు అడిగాను. ఆవిడ అంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "మీ అమ్మ సేసిందే సరి. ఆపీరా బాబూ" అంది. నేను తల బాదుకున్నాను. కానీ ఆ చివరి మాట దగ్గర ముసలావిడ గొంతు వణికింది. అమ్మ అది విన్నది.

అమ్మ స్నానం చేసి, మడి కట్టుకుని, పిండి గిన్నె పట్టుకొచ్చింది. గడప దగ్గర మొదలుపెట్టలేదు. తిన్నగా బోర్డున్న అలమారా కిందకొచ్చి, అక్కడ మొదటి పాదం వేసింది. అక్కడ్నుంచి వరసగా పూజగది దాకా వేసుకుంటూ వెళ్లింది. ఫోను వైపు తిరిగి, "అత్తమ్మా, ఇంట్లోంచి ఏటీ బయటికెల్లట్లేదు. నువ్వే లోపలికొస్తన్నావు. ఇదిగో దారేశాను" అంది. తర్వాత నాతో, "నాను ముట్టను. స్విచ్చి నువ్వెయ్యి" అంది.

వేశాను. గోపాల్‌పూర్‌లో బొమ్మ వచ్చిందని చిన్నత్త కేక వినబడింది. ఆ తర్వాత నాయనమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత, మార్గశిరమంతా మేం వినని పాత గొంతు: "ఏటే కోడలా, ఎడంపాదం వంకరగా పడ్డాది." అమ్మ గబుక్కున పమిట చెంగుతో కళ్లు తుడుచుకుని, పాదం చెరిపి మళ్లీ వేసింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుందట.

కాలు బాగయ్యాక నాయనమ్మ ఇంటికొచ్చేసింది. తర్వాత ఎన్నో లక్ష్మివారాలు మానిక పక్కనే కూర్చుని తప్పులు పట్టింది. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ బోర్డూ ఎప్పుడో పోయింది. నేను పెద్ద ఆఫీసులో పెద్ద సర్వర్లు చూసుకుంటున్నాను. ఏదైనా ఆగిపోతే ముందు స్విచ్చి దగ్గర ఎవరున్నారో కనుక్కుంటాను. ఆ తిక్క కుర్రాడు ఇంట్లో ఒక్కర్నీ అడక్కుండా ఫ్యాను బిగించడం గుర్తొస్తే నవ్వొస్తుంది. అమ్మ మాత్రం ఇప్పటికీ గడప దగ్గర ఒక వరసా, ఖాళీ అలమారా కింద ఇంకో వరసా పాదాలు వేస్తుంది. ఆ రెండో వరసలో ఎడంపాదం ఏటా వంకరే. ఎవరో ఒకరు అనాలి కదా అని, "అమ్మా, ఎడంపాదం వంకర" అంటాను. "తెలుసురా" అంటుంది అమ్మ. చెరపదు.