బొడ్రాయి ముందా, గుడ్డు ముందా

"రాయి మీది, నీళ్లు మావి. రేపు రాయి మీద ఏం పోస్తరో పోయిండ్రి, సూద్దాం."

"నీళ్లు నీ అయ్య తవ్విచ్చిండానే పోసవ్వా? అది సర్కారు బోరింగు. ఎవలన్న పట్టుకోవచ్చు."

"సర్కారుదే వదినె, కాదన్ననా? కని మా ఊర్లె ఉన్నది. మీది వేరే ఊరని మీరే అంటిరి. వేరే ఊరోళ్లు వచ్చి మా బోరింగు కాడ బిందె పెడితే మేం ఊకుంటమా?"

"ఇన్నవా టీచరమ్మా దీని మాటలు! రాసుకో. మా ఊరు వేరేనని గిప్పుడే రాసుకో."

వాళ్లిద్దరి నడుమ, బోరింగు గద్దె మీద, ఒళ్లో సర్వే కాగితాలు పెట్టుకొని కూచున్న టీచరమ్మను నేను. కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, ఎండకాలం చివరి రోజులు. లక్సెట్టిపేట నుంచి గుట్టల వైపు లోపలికి పోతే నర్సాయిపేట అని పెద్ద ఊరు వస్తుంది. అక్కడ అంగన్‌వాడీ టీచరుగా చేసేదాన్ని. నా చదువు ఏడో తరగతి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అంత చదివిన ఆడది దొరకడమే కష్టం కాబట్టి ఉద్యోగం నా దగ్గరికే నడిచొచ్చింది.

నర్సాయిపేట అవతల వాగు. వాగు అవతల ఇప్పలపల్లె. చిన్న పల్లె, అదీ రెండు ముక్కలు. వాగు ఒడ్డున కింది వాడ, కూతవేటు దూరంలో మిట్ట మీద మీది వాడ. రెండింటికీ నడుమ దారి, దారి పక్కన కింది వాడ మొదట్లో బోరింగు. ఒకప్పుడు అంతా వాగు ఒడ్డునే ఉండేవారట. ఒక వానాకాలం ఇండ్లలోకి నీళ్లొస్తే సగం మంది మిట్ట ఎక్కారు. ఆ తరువాత పోచమ్మకు బోనాలు తీసినప్పుడు ఎవరి బోనం ముందు నడవాలన్న దగ్గర మాట పెరిగింది. మీది వాడ పెద్ద లచ్చవ్వ. కింది వాడ పెద్ద ఆమె ఆడబిడ్డ పోసవ్వ. వదినా మరదళ్లు అప్పటినుంచి మాట్లాడుకున్నది తక్కువ, తిట్టుకున్నది ఎక్కువ.

పిల్లలకు మాత్రం రెండు వాడల వాళ్లకూ నా సెంటరే దిక్కు. వానాకాలం వస్తే ఆ దిక్కూ ఉండదు. మృగశిర మొదలు దసరా దాకా వాగు ఎప్పుడు పొంగుతుందో తెలియదు. ముందటి ఏడు లచ్చవ్వ మనుమడు గుడ్డు కోసం వస్తూ వాగులో జారాడు. వెనక వస్తున్న తండ్రి సత్తయ్య అంగీ కాలరు పట్టి లాగాడు కాబట్టి బతికాడు. ఆ తరువాత నేను పోయి బతిమాలినా ఒక్క తల్లి కూడా పిల్లను పంపలేదు. వాళ్లను తప్పు పట్టను. నా బిడ్డయితే నేనూ పంపను. గర్భిణులది ఇంకో చిక్కు. మాకు స్పాట్ ఫీడింగ్ అని ఉంటుంది. అంటే అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఇంటికి పట్టుకుపోవద్దు, సెంటర్‌లో కూచుని తినాలి. ఇంటికి ఇస్తే పదిమంది నోళ్లకు పంచుతారని ఆ నియమం. నియమం మంచిదే. కాని కడుపుతో ఉన్న పిల్ల వాగు దాటి వచ్చి ఎట్లా కూచుంటుంది?

ఆ ఏడు సెంటర్ లేని చిన్న పల్లెలకు మినీ సెంటర్లు ఇస్తామని సర్వే చేయమన్నారు. మా కాగితాల్లో ఊరు అన్న మాట ఉండదు, హ్యాబిటేషన్ అని ఉంటుంది. ఒకచోట గుంపుగా ఉన్న ఇండ్లు అని దాని అర్థం. ఒక హ్యాబిటేషన్‌లో ఇంత జనం ఉండాలి, ఆరేండ్లలోపు పిల్లలు ఇంతమంది ఉండాలి అని ఒక కొలత. నేను ఇల్లిల్లూ తిరిగాను. రెండు వాడలు కలిపితే కొలతకు సరిపోయి ఇద్దరు పిల్లలు ఎక్కువే. విడదీస్తే రెండూ చాలవు.

ఈ కొలత సంగతి చదివేవాళ్లకు కొంచెం చెప్పాలి. పెద్దపల్లి వైపు, గోదావరి దగ్గరి వరి ఊర్లు చూడండి. ఒక్కో ఊరు ఒక పెద్ద కుప్ప. ఇల్లుకు ఇల్లు ఆనుకొని ఉంటుంది. ఒక్క సెంటర్ పెడితే వందలమందికి అందుతుంది. అదే ఆదిలాబాద్ గుట్టల వైపు పోయేకొద్దీ నాలుగిండ్లు, ఒక అడవి ముక్క, ఒక వాగు, మళ్లీ నాలుగిండ్లు. అక్కడ కుప్ప పోసిన వడ్లు, ఇక్కడ చల్లిన నువ్వులు. నా మనవరాలి బడి పుస్తకంలో రెంటికీ పెద్ద పెద్ద పేర్లు ఉన్నాయి. పేర్లు ఏవైనా, వడ్ల కుప్పను కొలిచే మానికను తెచ్చి నువ్వుల పక్కన పెడితే మానిక నిండదు. నిండలేదు కాబట్టి ఇక్కడ నువ్వులే లేవని రాసుకొని పోతారు.

ఆ మానిక నిండే దారి ఒక్కటే, ఇప్పలపల్లె ఒక్క ఊరు కావడం. అదే సమయానికి మీది వాడ వాళ్లు సొంతంగా బొడ్రాయి వేసుకోవడానికి ముహూర్తం పెట్టుకున్నారు.

బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. నడి ఊర్లో నిలిపే రాయి. అది పడితే ఊరు పుట్టినట్టు. ఆ రోజు పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి నెత్తురు కలిపిన అన్నం, చల్లి కట్టు వేస్తారు. కట్టు పడ్డాక పొద్దుగూకే దాకా లోపలి మనిషి బయటికి పోరాదు, బయటి మనిషి లోపలికి రారాదు. పెండ్లయిన ఆడబిడ్డలను ముందే పిలుచుకుంటారు. ఇంటికో బిందె నీళ్లు తెచ్చి రాయి మీద పోస్తారు. అదిగో, ఆ బిందె నీళ్ల దగ్గరే మొదట చెప్పిన జగడం మొదలైంది.

మా సూపర్‌వైజర్ మేడం కరీంనగర్ పిల్ల. మంచిదే. ముందురోజే నాతో చెప్పింది. "అమ్మా, వాళ్లు ఒకటే ఊరంటే నేను ఒకటే అని రాస్తాను. రెండంటే రెండే రాయాలి. వాళ్ల నోటితో వినాలి. ఎల్లుండి పొద్దున వస్తాను." నేను ఆ మాటే లచ్చవ్వకు చెప్పడానికి పోయాను.

లచ్చవ్వ దారిలోనే ఎదురై నన్ను చెయ్యి పట్టుకొని మీది వాడకు తీసుకుపోయింది. వాడ నిండా పిల్లలు. చెట్ల మీద పిల్లలు, గడ్డివాము మీద పిల్లలు.

"సూడు టీచరమ్మా. నీ లెక్క ఎంతనో నాకు తెల్వది. మా వాడ ఒక్కటే సాలదా?"

"వీళ్లంత ఎవలు లచ్చవ్వా?"

"మా ఆడిబిడ్డల పిల్లలు. పెద్దపల్లి కెల్లి వచ్చిండ్రు, శ్రీరాంపూర్ కెల్లి వచ్చిండ్రు. మా రక్తమే కద. రాస్తే ఎవలడుగుతరు?"

"నేనడుగుత. వీళ్ల పేర్లు ఆడి సెంటర్లల్ల ఉన్నయి. ఆడ ఒక గుడ్డు తిని ఈడ ఒకటి తింటరా? ఒక మనిషి రెండు ఊర్లల్ల ఉండడు."

"అబ్బ, నీ ఇంట్లకెల్లి ఇస్తున్నట్టు చేస్తవేందే!"

"సర్కారుదని పారబోస్తనా? రాయ."

ఆమెకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. వాకిట్లో చాట పట్టుకొని కూచున్న ఆమె కోడలు స్వరూపను చూపించాను. ఏడో నెల. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"గీ పిల్ల రెండు నెలలల్ల కంటది. గా వాగు పదిహేను రోజులల్ల వస్తది. నువ్వు రాయి వేసుకొని పెద్దదానివైతవు, మంచిదే. గీ పిల్ల ఏం తింటది?"

స్వరూప చాటలోని బియ్యం అట్లాగే ఏరుతూ ఉంది. లచ్చవ్వ చెంగు దులుపుకొని బోరింగు వైపు నడిచింది. అక్కడ పోసవ్వ కనబడింది. మిగిలింది మీరు మొదటే విన్నారు.

జగడం బాగా పెరిగిన వేళకు బైండ్లాయన వచ్చాడు. కట్టు వేసే పూజ ఆయనదే. మరుసటి రోజు చీకటితోనే పొలి చల్లుతూ తిరగాలి కాబట్టి దారి చూసుకోవడానికి వచ్చాడు. ముసలాయన. ఇద్దరి అరుపులూ కాసేపు విని, గద్దె మీద నా పక్కన కూచుని, బీడీ ముట్టించుకొని, సత్తయ్యను పిలిచాడు.

"కట్టు ఏడికెల్లి ఏడి దాక బిడ్డా?"

సత్తయ్య మిట్ట చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు. "గా గుట్ట మొదలు, గీ చింతచెట్టు దాక."

"మరి గీ బోరింగు?"

"అది బయటనే."

"రేపు పొద్దుగూకే దాక తాగనీకి?"

"పొద్దుగాలనే నింపుకుంటం."

"ఇంతమంది సుట్టాలు, పిల్లలు, పసురాలు. సరే, నింపుకుంటరు. వల్లకాడు ఏ దిక్కున్నది?"

సత్తయ్య కింది వాడ అవతలికి చూపించాడు.

"నీళ్లు బయట, వల్లకాడు బయట. ఇగ లోపల ఏమున్నదని కట్టు వేయాలె? ఇండ్లకు కట్టు వేసుడు నేను నేర్వలే బిడ్డా. ఊరికి వేసుడే నేర్చిన."

పోసవ్వ పకపకా నవ్వింది. "గట్ల అడుగు మామా! బాగడిగినవ్!"

బైండ్లాయన ఆమె వైపు తిరిగాడు. "నవ్వకు. మీ పోచమ్మ గద్దె ఏడున్నది?"

పోసవ్వ నవ్వు ఆగిపోయింది. పోచమ్మ గద్దె మిట్ట మీద, మీది వాడ వెనకాల ఉంది. రెండు ఊర్లయితే కింది వాడకు తల్లి ఉండదు.

"నాకేం ఫికర్ లేదు," అన్నాడాయన బీడీ ఆర్పి మిగిలిన ముక్కను చెవిలో దోపుకుంటూ. "రెండు ఊర్లయితే రెండు బలులు, నాకు రెండు యాటలు. మీరే సోచాయించుకోండ్రి."

బోరింగు దగ్గర ఒక చిన్నపిల్ల కొడుతూ ఉంటే బిందె నిండి కిందికి కారిపోతోంది. నాకు ఆగక, "నీళ్లు పోతున్నయి, ఆపు," అన్నాను. ఆ పిల్ల మీది వాడకు వచ్చిన చుట్టాల పిల్లో పోసవ్వ మనవరాలో నాకు తెలియలేదు.

లచ్చవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. "ఇంటికి పో టీచరమ్మా. పొద్దు పోతున్నది," అంది. ఒకటని అనలేదు, రెండని అనలేదు. నేను చెప్పులు చేతపట్టుకొని వాగు దాటి ఇల్లు చేరాను. చెప్పులు తడిస్తే పాడవుతాయి, కాళ్లు తడిస్తే ఆరుతాయి.

చాలా ఏండ్లు సర్వేలు చేశాను. ఇండ్లు, మనుషులు, పిల్లలు, గర్భిణులు, బాలింతలు. ఇవన్నీ అడిగితే చెప్తారు. ఊరు ఎంత వరకు అన్నది మాత్రం ఇండ్లు చూస్తే తెలియదని ఆ రోజు తెలిసింది. నీళ్లు ఎక్కడ పట్టుకుంటారు, చచ్చిపోతే ఎక్కడికి మోస్తారు, దేవతకు ఎక్కడ మొక్కుతారు అని అడగాలి. ఆ తరువాత ఏ గుట్టకు సర్వేకు పోయినా ఇండ్ల కన్నా ముందు ఆ మూడూ అడిగాను. కొన్నిచోట్ల రెండనుకున్నవి ఒకటయ్యాయి. ఒకచోట ఒకటనుకున్నది రెండయింది, సెంటర్ రాలేదు. అదీ ఉన్నదున్నట్టే రాశాను. ఇప్పలపల్లెకు మినీ సెంటర్ మంజూరైంది, ఆలస్యంగా. స్వరూప కానుపుకు అది అందలేదు. ఆమె బిడ్డకు అందింది.

ఇక బోరింగు జగడం జరిగిన మరుసటి రోజు పొద్దున. మేడం స్కూటీ వాగు ఇవతల పెట్టి, నాతో పాటు నీళ్లలో నడిచి వచ్చింది. నా నెత్తి మీద గుడ్ల ట్రే. పిల్లలు రావడం మానినప్పటినుంచి, వాగు దాటగలిగిన రోజుల్లో, వారం గుడ్లు ఇప్పలపల్లె పిల్లలకు అట్లాగే మోసేదాన్ని. ఒడ్డెక్కగానే సత్తయ్య కట్టె అడ్డం పెట్టాడు. అతని వెనక దారికి అడ్డంగా వేపమండల తాడు కట్టి ఉంది. అది చింతచెట్టు దగ్గర లేదు. కింది వాడ కన్నా ఇవతల, వాగు ఒడ్డునే ఉంది.

"ఇయ్యాల రావద్దు టీచరమ్మా. మేడం, ఏమనుకోకుండ్రి. కట్టు పడ్డది."

తాడు అవతల, బోరింగు పక్కన, గుంత తవ్వి ఉంది. రాయి చుట్టూ జనం. లచ్చవ్వ, పోసవ్వ ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఇద్దరి నెత్తి మీదా బిందెలు.

మేడం గొంతు అంత దూరం పోదు. నేనే అరిచాను. "ఓ లచ్చవ్వా! ఊరు ఒకటా, రెండా? మేడం అడుగుతున్నది!"

లచ్చవ్వ తిరగకుండానే అరిచింది. "ఒకటే! రాసుకొమ్మను!"

వెంటనే పోసవ్వ గొంతు. "ఇప్పలపల్లె అని రాయుమను! మీది వాడ అని ముందు పెట్టొద్దు!"

మేడం నన్ను వెనక్కి తిరగమని, నా వీపు మీద కాగితం పెట్టి రాసుకుంది.

గుడ్లు లోపలికి ఇస్తానంటే సత్తయ్య ఒప్పుకోలేదు. మనిషి పోరానప్పుడు గుడ్డు మాత్రం ఎట్లా పోతుందన్నాడు. ట్రే మళ్లీ నెత్తిన పెట్టుకొని వాగు దాటాను. ఒక్క గుడ్డూ పగలలేదు.