ఆమె కాలు, నా భుజం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పక్కపక్క కౌంటర్లలో పనిచేసేవాళ్లం, నేనూ తనూ. తను బడంగ్‌పేట్ నుంచి, నేను నాగోల్ నుంచి వచ్చి ఎల్.బి. నగర్‌లో కలుసుకుని ఒకే ఆటో ఎక్కేవాళ్లం. ఒక ఉదయం రాంగ్ రూట్‌లో వచ్చిన కారు మా ఆటోను గుద్దింది. తన కాలు రెండుచోట్ల విరిగింది. నేను కుడి భుజం మీద పడ్డాను. దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందని మాత్రలిచ్చి పంపారు.

నష్టపరిహారం కేసు ఇద్దరిదీ ఒక్క లాయరమ్మే పట్టింది. గుంటూరు వైపు మనిషి. ఎల్.బి. నగర్ కోర్టు దగ్గర రెండో అంతస్తులో ఆఫీసు, లిఫ్టు లేదు. తను కింద ఆటోలోనే కూర్చునేది. లాయరమ్మ ఫైలు పట్టుకుని దిగి వచ్చి, "రాడ్డు వేసిన చోట ఇంకా నొప్పిగా ఉందామ్మా?" అని అడిగేది. నేను మాత్రం మెట్లెక్కి, బెంచీ మీద నా వంతు కోసం ఎదురు చూడాలి. వంతు వచ్చాక ఎప్పుడూ ఒకటే మాట: "మీ ఎక్స్‌రేలో ఏమీ కనపడట్లేదండీ. అవతలివాళ్లు ఒప్పుకోరు."

కడుపు మండిపోయేది. నా అసూయంతా ఆ విరిగిన కాలు మీదే. దానికి కట్టుంది, కుట్లున్నాయి, చూడటానికి వచ్చే మనుషులున్నారు. షాపువాళ్లమంతా పండ్లు తీసుకుని వెళ్లాం. ఆ సంచి మోసింది నేనే, ఎడమ చేత్తో. తన భర్త నడుం పట్టుకుని మరీ నడిపించేవాడు. మా ఆయనేమో, "చెయ్యి మంచిగనే కనవడ్తుంది గదనే. ఊకె నొప్పి నొప్పి అంటవేంది?" అనేవాడు. జడ వేసుకోలేక జుట్టు ముడి పెట్టుకుంటున్నానని ఆయన గమనించనే లేదు.

ఒకరోజు ఉండబట్టలేక లాయరమ్మతో అనేశాను: "మేడం, నాది గూడ కాలే ఇరిగితే మంచిగుండె."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "షాపులో మీరు రోజూ చేసే పని ఒక్కసారి చేసి చూపించండి," అంటూ తన చున్నీ తీసి ఇచ్చింది.

కొనేవాళ్లకు కొంగు అందం తెలియాలని చీరను మా భుజం మీద వేసుకుని చూపిస్తాం. అలాగే చున్నీ విదిలించాను. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. చున్నీ జారి నేల మీద పడింది. ఆవిడే వంగి తీసుకుంది.

"మీకు ఎక్స్‌రే కాదండీ, స్కానింగ్ చేయించాలి," అంది.

స్కానింగ్‌లో భుజం లోపల కండరం చిరిగిందని తేలింది. డాక్టరు ఆ మాట చెప్తుంటే నాకు ఏడుపు రాలేదు. సంతోషం వేసింది. మరుసటి వారం లాయరమ్మకు రిపోర్టు చూపించి, గబగబా మెట్లు దిగి ఆటోలో ఉన్న తన దగ్గరికి వెళ్లాను.

"నాది గూడ లోపల చిరిగిందంట!" అన్నాను, బహుమతి వచ్చినదానిలా.

తను నా మొహంలోకి చూసింది. "నీకేందే, గా మెట్లన్ని టకటక ఎక్కి దిగుతవ్. నేనీడ కూసొని నిన్నే జూస్త. నాకెంత కుళ్లుగుంటదో ఎరుకనా?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఆటో ఎక్కి పక్కన కూర్చున్నాను.

తీర్పు ఇద్దరికీ అనుకూలంగానే వచ్చింది. తనకు నాకంటే చాలా ఎక్కువ ఇచ్చారు. అదే న్యాయమని తెలుసు. అయినా ఆ సాయంత్రం బస్సులో నాగోల్ చేరేదాకా మనసు కుదుటపడలేదు.

ఆ డబ్బుతో తను బడంగ్‌పేట్‌లో చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టింది. పిలిస్తే వెళ్లాను. గోడ నిండా రంగురంగుల బ్లౌజు గుడ్డలు. గల్లా దగ్గర కుర్చీలో యజమానురాలిలా కూర్చుని ఉంది. నా గుండెలో మళ్లీ అదే మంట.

"నువ్వు గూడ ఒచ్చెయ్యరాదె, ఇద్దరం కల్సి నడుపుకుందం," అంది.

"జూస్తలే," అన్నాను. వస్తాననీ, రాననీ ఇంకా చెప్పలేదు.