రెండో గుమ్మడికాయ

ఉదయం పదకొండుంబావుకి టీ వచ్చింది. ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లోని మా ఆఫీసులో టీ వస్తేనే పని మొదలైనట్టు. అంతవరకూ కిటికీలోంచి ఎదురుగా ఉన్న బండరాళ్ల మీద ఎండ జరగడం చూస్తూ కూర్చునేదాన్ని (అదీ ఉద్యోగంలో భాగమే అనుకునేదాన్ని). మా యజమానిని అందరూ పోస్టరన్న అనేవారు. ఏళ్ల తరబడి సినిమాలకు చేత్తో టైటిళ్లు రాసి, ఆ పని పోయాక సినిమా వెబ్‌సైట్లు చేయిస్తున్న మనిషి. నేను కొత్తగా చేరిన డిజైనర్‌ని. టీ తాగుతూ ఆయన చెప్పిందేమిటంటే, పాత రాతి శాసనాలు చదివే ఒక పరిశోధన సంస్థకి వెబ్‌సైటు కావాలట. "ఇది మంచిగ చేస్తే నీ నౌకరీ పక్కా, చెల్లె. ఖరాబైతే శ్రీనగర్ కాలనీల ఇంకో ఆఫీస్ చూస్కో."

ఆలోచనల కోసం దేశదేశాల విద్యాసంస్థల సైట్లు తిరగేశాను. అన్నింటిలోనూ ఒకటే పచ్చిక, దాని మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి చూసి నవ్వే నలుగురు. పోస్టరన్న నా భుజం మీదుగా చూసి, "వీళ్లకు పరీక్షల్లేవా ఏంది, గంత నవ్వుతున్నరు?" అన్నాడు. "ఇట్ల గాదు. హీరో ఎంట్రీ ఉండాలె." హీరో అంటే ఆ సంస్థ పెద్ద, డెబ్బై దాటిన మేడం. ఆవిణ్ని పిలిపించి, పెద్ద ఫ్యాను పెట్టి, కొంగు ఎగురుతుండగా నడిపించాం. "నడుస్తూ వెనక్కెందుకు చూడాలండీ? ఎవరైనా పిలుస్తారా?" అని మాత్రం అడిగిందావిడ. సైటు తెరవగానే ఉరుము, శాసనం రెండుగా పగలడం, అందులోంచి మేడం రావడం. నాకూ ముచ్చటేసింది. సినిమావాళ్లు షూటింగ్ మొదట్లో కొబ్బరికాయ, ముగిశాక గుమ్మడికాయ కొడతారు కదా, పోస్టరన్న నా కంప్యూటర్ ముందు గుమ్మడికాయ కొట్టేశాడు. కీబోర్డులోకి గింజలు పోయాయి.

మర్నాడు మేడం వచ్చి చూసింది. "ఈ రాయి ఇన్ని వందల ఏళ్లు ఎండకీ వానకీ నిలబడిందండీ. మీరు ఒక్క ఉరుముతో పగలగొట్టేశారు," అంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"గుమ్మడికాయ కొట్టినంక మళ్ల షూటింగ్ ఉండది మేడం," అన్నాడు పోస్టరన్న.

నేను మనసులో శ్రీనగర్ కాలనీ బస్సెక్కేశాను. మేడం సంచీలోంచి చుట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. శాసనం మీద తడి కాగితం అంటించి, సిరా అద్ది తీసిన నకలు. కాగితమంతా నలుపు, అక్షరాలు మాత్రం తెల్లగా. కిటికీ ఎండ దాని మీద మెల్లగా జరుగుతోంది. పోస్టరన్న వంగాడు. కాగితాన్ని తాకకుండా, గాలిలోనే ఒక్కో అక్షరం వెంట వేలు తిప్పుకుంటూ పోయాడు. టీ చల్లారిపోయింది.

"చెల్లె, జర ఆ ఫ్యాన్ బంద్ చెయ్," అన్నాడు చివరికి. "ఇందుల హీరో ఉన్నడు. మనం అడ్డమొచ్చినం." తర్వాత, "ఇంకో గుమ్మడికాయ తేవాలె."

"పని మొదలే కాలేదు కదన్నా!"

"నిన్న అయినంకనే కొట్టినం. ఏమైంది?"

నల్లటి పేజీ, దాని మీద ఒక్కో అక్షరమే వెలుగులోకి రావడం. అంతే పెట్టాం. నా ఉద్యోగం పక్కా అయింది. ఆ రెండో గుమ్మడికాయ గింజల్ని మేడం కాగితంలో పొట్లం కట్టుకుని తీసుకుపోయింది, పెరట్లో వేస్తానని.

పోస్టరన్న కిందటేడాది కన్నుమూశాడు. ఆయన కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. కిటికీకి ఎదురుగా అద్దాల భవనం లేచింది, ఎండ ఇప్పుడు దాని మీద జరుగుతుంది. ఎవరైనా సైటు పూర్తయిందంటే ఒకసారి నా కీబోర్డు వైపు చూసుకుని నవ్వుకుంటాను. ఆయన పోయాక మా ఆఫీసులో ఎవరూ గుమ్మడికాయ కొట్టడం లేదు.