భుజానికెత్తుకునే సైకిలు

మా మామ పోయి మూడు వారాలైంది. ఆ పొద్దున నేను సుక్మాలో బడికి బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది. చేసింది ఆయన ఊరి మితానిన్. ఊళ్లో మందుబిళ్లలు పంచుతూ, రోగులను ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి. "టీచరమ్మా, మీ మామ పోయిండు. వాగు దాటియ్యలేకపోయినం. ఈ ఒడ్డు కాడనే పోయిండు," అంది. పద్దెనిమిదేళ్ల కిందట మా అత్త పోయిందీ ఆ ఒడ్డు దగ్గరే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. దోర్నపాల్ బజారులో సైకిళ్లు బాగుచేసేవాడు. ఆయన ఊరు వాగుకు అవతల, అడవిలో. పొద్దున్నే వాగు దాకా తొక్కుకుంటూ వచ్చి, సైకిల్ని భుజానికెత్తుకుని నీళ్లు దాటి, మళ్లీ ఎక్కి దుకాణానికి వచ్చేవాడు. అక్కడ ఆడా మగా అందరిదీ అదే వరస. అందుకే దుకాణానికి ఏ సైకిలొచ్చినా ముందు దాన్ని భుజాన వేసుకుని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దాకా నడిచొచ్చేవాడు. హోటల్లో కూర్చున్నవాళ్లు నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

"మనల్ని అది మోస్తది, మంచిదే. వాగు కాడ దాన్ని మనం మొయ్యాలె గద? సైకిలు చేసేటోళ్లకు ఆ సంగతి ఎవ్వడూ చెప్పలే," అనేవాడు.

తర్వాత చైను మీద బొటనవేలు రాసి వాసన చూసేవాడు. నూనె వాసన రాకపోతే సైకిలు తెచ్చినవాడికి తిట్లు మొదలు. మామూలు తిట్లు కావు. ఒకసారి మా బడి పెద్దసారును కూడా వదల్లేదు, నేను తల దించుకుని నిలబడ్డాను. ఆ కోపం వెనక ఏముందో తెలిసినవాళ్లు మాత్రం మారుమాట్లాడకుండా నూనె కొనుక్కుని పోయేవాళ్లు.

అత్తను పాము కరిచినప్పుడు ఆయన ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని తొక్కాడు. సగం దారిలో చైను తెగింది. అక్కణ్నుంచి నెట్టుకుంటూ వచ్చాడు. వాగు ఒడ్డుకు చేరేసరికి ఆమె తల ఆయన వీపు మీద వాలిపోయింది. "ఊరందరి చైన్లకు నూనె పెట్టిన బిడ్డా. నాది ఎండబెట్టుకున్న," అని ఆయన ఒక్కసారే నాతో అన్నాడు.

అప్పటినుంచి ఆయనకు పట్టిన ఆలోచన ఒక్కటే, రాబోయే సైకిలు ఎలా ఉండాలన్నది. సెలవులకు వెళ్లినప్పుడల్లా నా ఫోన్లో కొత్త సైకిళ్లు చూపించమనేవాడు. గ్రీజు అంటుతుందని వేలి గోటితో బొమ్మలు జరిపేవాడు. చైనుకు బదులు బెల్టు ఉన్నవీ, గాలి అక్కర్లేని టైర్లవీ, చక్రం మధ్యలోనే మోటారు దాచుకున్నవీ, ఒక్క చేత్తో ఎత్తగలిగేంత తేలికవీ చూశాడు. ప్రతిదానికీ తలూపి, చివరికి అదే ప్రశ్న వేసేవాడు. "ఇది చెడిపోతే నేను తెరవొచ్చునా?" నాకు తెలియదనేదాన్ని. "అయితే ఇంకా రాలేదన్నట్టు," అనేవాడు.

తానే ఒకటి తయారుచేయబోయాడు. అడవి వెదురుతో చట్రం, పాత పిండి గిర్నీ నుంచి తెచ్చిన బెల్టు, పారేసిన బ్యాటరీ సైకిలు నుంచి తీసిన చిన్న మోటారు. బ్యాటరీ విడిగా ఊడొచ్చి సంచిలా ఒక భుజానికి తగులుకోవాలి, సైకిలు రెండో భుజాన ఉండాలి. పదిహేనేళ్ల పిల్లయినా ఎత్తుకుని వాగు దాటగలగాలి. వెనక సీటుకు వీపు ఆనేలా వెదురు తడక ఒకటి అల్లాడు. అది దేనికని నేను అడగలేదు.

ఇక్కడ నా పాపం చెప్పుకోవాలి. వెదురును వానలు పోయాక, అమావాస్య ముందు రోజుల్లో నరకాలి. నెలల తరబడి వాగులో రాళ్ల కింద నానబెట్టాలి, తర్వాత నీడలో ఆరబెట్టాలి. ఇల్లు కట్టే వెదురైనా, బుట్ట అల్లే వెదురైనా మా వాళ్లందరికీ తెలిసిన పద్ధతే. కానీ సుక్మాలో విజ్ఞాన మేళా పెడుతున్నారనీ, పెద్ద అధికారులు వస్తారనీ, వాళ్లు చూస్తే ఈ సైకిలు ఊరూరికీ వస్తుందనీ నేను ఆయన వెంటపడ్డాను. "ఇంకా నీళ్లలనే ఉన్నయి బిడ్డా, ఇప్పుడే తీస్తె ఎట్ల?" అన్నాడు. "మేళా మనకోసం ఆగుతుందా మామా?" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, నా మాట విన్నాడు. సరిగా నానని ఆ పచ్చి వెదురునే నీళ్లలోంచి తీసి చట్రం కట్టాడు.

మేళాలో ఒక అధికారి సరదాగా ఎక్కి కూర్చున్నాడు. నాలుగడుగులు పోగానే చట్రం నిలువునా చీలింది. అందరూ నవ్వారు. మామ వంగి చీలిన వెదుర్లను ఒక్కొక్కటిగా ఏరుకుని తువ్వాలులో చుట్టుకున్నాడు. బస్సులో దోర్నపాల్ దాకా ఆ మూటను ఒళ్లోనే పెట్టుకున్నాడు. దిగేముందు, "వెదురుది తప్పు లేదు, పచ్చిగున్నది అంతే," అన్నాడు. నా పేరెత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఆ మరుసటేడు ఎవరో దాతలు మితానిన్‌కు బ్యాటరీ సైకిలిచ్చారు. ఎర్రగా మెరుస్తూ, ముందు చిన్న తెరతో బాగానే ఉంది. మామ మొదట దాని పక్కకెళ్లి భుజం పెట్టాడు. లేవలేదు. మళ్లీ పెట్టాడు. హోటల్లోంచి ముగ్గురు వచ్చి చేయి వేస్తేగానీ నేల విడవలేదు. "నలుగురు మోసేది సైకిలెట్లయితది బిడ్డా? అది పాడె," అన్నాడు. అవేం మాటలని విసుక్కున్నాను. ఫోన్లో చూపించిన రోజులు వచ్చేశాయని నేను సంబరంలో ఉన్నాను.

మొన్నటి వానల్లో దాని మోటారులోకి నీళ్లు వెళ్లాయి. నడుస్తుంటే లోపల గరగరమని చప్పుడు. మామ చెవి ఆనించి విని, తెరిచి ఆరబెడతానన్నాడు. తెరవాలంటే సీలు పగలగొట్టాలి. మితానిన్ భయపడి నాకు ఫోన్ చేసింది. "మీ మామ తెరుస్తనంటుండు, ఏం జెయ్యమంటవ్ టీచరమ్మా?" అంది. "సీలు ముట్టుకోనివ్వకు, వారంటీ పోతుంది," అన్నాను. ఆ ఒక్క మాటతో నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి చేత పానా కింద పెట్టించాను.

మామ పోయిన రోజు ఏం జరిగిందో మితానిన్ తర్వాత చెప్పింది. తెల్లారాక మామకు ఛాతీలో నొప్పి మొదలైంది. అంబులెన్సు అవతలి ఒడ్డు దాకే వస్తుంది. మంచం కట్టి మోస్తే ఆలస్యమవుతుందని ఆమె ఆయన్ను బ్యాటరీ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, తన కొంగుతో నడుముకు కట్టుకుంది. వాగు ఇసుక దగ్గరకొచ్చేసరికి తెర మీద ఎర్ర లైటు వెలిగింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. నెడితే కదల్లేదు, ఎత్తితే లేవలేదు. ఆయన్ను ఇసుకలో పడుకోబెట్టి మనుషుల కోసం కేకలు వేసింది.

"ఏమన్నా అన్నాడా?" అని అడిగాను.

"ఒక్కటే మాట టీచరమ్మా. చైను తెగిందా అన్నడు. లేదన్నా, చైను మంచిగనే ఉన్నదన్న. మంచం తెచ్చేసరికి..." అని ఆమె ఏడ్చింది.

ఈ సంస్మరణలో ఆయన గురించి ఓదార్పుగా ఒక్క మాటైనా రాయాలని కూర్చున్నాను. నాకు దొరకడం లేదు. ఆయన అడిగింది ఎక్కడా దొరకనిది కాదు. ఎత్తుకోగలిగే సైకిలు, తెరవగలిగే సైకిలు. రాబోయే సైకిళ్లను ఎక్కడో ఎవరో గీస్తూనే ఉంటారు. ఆ గీసేవాళ్లెవరూ మా వాగు ఒడ్డున నిలబడరు. నిలబడిన ఒక్క మనిషినీ నేను ఒకసారి తొందరపెట్టాను, ఒకసారి ఆపాను.

మామను మట్టి చేసిన మధ్యాహ్నం వాగు దగ్గరికెళ్లాను. ఆ ఎర్ర సైకిలు ఇసుకలోనే ఉంది. బాగుచేయడానికి కంపెనీవాళ్లకు పంపించాలట. పొద్దున మామను మోసినవాళ్లే నలుగురు వచ్చి దాన్ని భుజాలకెత్తుకుని నీళ్లలోకి దిగారు. సగం దూరం పోయాక ఒకడు, "ఆగుండ్రి, భుజం మార్చుకుంట," అన్నాడు. ఆగి, మార్చుకుని, నడిచారు.

వాళ్లలో ఎవరి కాలో తగిలి మడుగు వారనున్న రాయి పక్కకు దొర్లింది. దాని కింద నుంచి ఒక వెదురు కొస పైకి తేలింది. కొత్త చట్రం కోసం అంతకు నెల ముందు మామ నానబెట్టినవి. "ఈసారి ఎవ్వరు చెప్పినా ముందుగాల తియ్య," అని పోయినసారి వెళ్లినప్పుడు నవ్వుతూ అన్నాడు. ఎప్పుడు తీయాలో నేను అడగలేదు. నీళ్లలోకి దిగి ఆ కొసను కిందికి నొక్కాను. చేయి తీస్తే లేచింది. మళ్లీ నొక్కి, అలాగే పట్టుకుని నిలబడ్డాను.