కొండెక్కకుండా రాసిన కొలతలు

ఈ తప్పు నాతోనే పోకూడదని రాస్తున్నాను.

ఆత్మకూరులో ఉండిన ఒక మాజీ సైనికుడు, వేర్వేరు చోట్ల రాడార్లు పంపే కొలతల్లో తప్పెంతో అంచనా కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. పరీక్ష కోసం నన్నూ, మస్తాన్‌నూ, ఏసురత్నాన్నీ రాడార్లనుకుని, ఉదయగిరి కొండ మీద తలా ఒక చోట నిలబడి, కింద పోయే బస్సు నిమిషానికొకసారి ఎక్కడుందో చూసి రాయమన్నాడు. లైబ్రరీలో వేగం, దూరం చదువుకున్నవాణ్ణి. ఎండలో కొండెందుకని మ్యాపు ముందు కూర్చుని లెక్కగట్టాను.

కాగితం తీసుకుంటూ, అందరినీ అడిగేదే అడిగాడు.

"చూసినావా, అనుకున్నావా?"

"చూసినాను సార్."

"లైబ్రరీ చదువంటే ఇదిరా. నీ కొలతతోనే మిగతావాళ్ళ తప్పు తేలుస్తా."

నా కొలతనే సరైనదనుకుని దిద్దిన ప్రోగ్రాం, సైన్యాధికారుల ముందు విఫలమైంది. "నా బుర్రలోనే ఏందో లోపం ఉండాది" అని దాన్ని మానుకున్నాడు. అప్పుడూ నేను చెప్పలేదు.

ఆ రోజు కొండెక్కిన మస్తాన్‌కు, ఏసురత్నానికి నా కృతజ్ఞతలు. వాళ్ళ కొలతలే సరైనవి.